మీరు మాత్రం చేయలేదా?

చేసిన తప్పును కాదనలేని మనిషి చివరకు ఒక వాదాన్ని ఆశ్రయిస్తాడు: "నేను చేసిందే నువ్వూ చేశావు గదా!" గట్టు తగాదాలోనూ ఇది వినిపిస్తుంది, రాజ్యాల తగాదాలోనూ వినిపిస్తుంది. దీన్ని తోసిపుచ్చటం మనం అనుకున్నంత తేలిక కాదు. జర్మన్ జలాంతర్గాముల చరిత్రే ఇందుకు నిదర్శనం.

వ్యాపార నౌకను ముంచేముందు అందులోని మనుషులను సురక్షిత స్థలానికి చేర్చాలన్నది నౌకాయుద్ధ నియమం. ఇది జలాంతర్గాములకూ వర్తిస్తుందని 1936 లండన్ ఒడంబడిక స్పష్టం చేసింది. జర్మనీ కూడా అందుకు సమ్మతించింది. కాని జలాంతర్గామి బలమంతా కనబడకపోవటంలోనే ఉన్నది. పైకి తేలి హెచ్చరిస్తే చిన్న ఫిరంగి చాలు, దాని పని తీరిపోతుంది. 1915 మే 7న హెచ్చరిక లేకుండా లుసిటేనియాను ముంచి, సుమారు 1,200 మంది ప్రాణాలు తీసినప్పుడు జర్మనీ ఏమన్నది? బ్రిటన్ సముద్ర దిగ్బంధంతో మా ప్రజలను పస్తులు పెట్టటం లేదా, ఆ నౌకలో తూటాలు లేవా అన్నది. ఆ రెండు మాటలూ నిజమే.

రెండవ యుద్ధంలో ఈ చిక్కు మరింత బిగిసింది. 1942 సెప్టెంబర్ 12న పశ్చిమాఫ్రికాకు దూరంగా హార్టెన్‌స్టైన్ అనే జర్మన్ కెప్టెన్ లకోనియా అనే బ్రిటిష్ నౌకను ముంచాడు. అందులో సుమారు 1,800 మంది ఇటాలియన్ యుద్ధఖైదీలు ఉన్నారు. సంగతి తెలిశాక అతడు నీళ్ళలో ఉన్నవారిని ఎక్కించుకున్నాడు. పడవలను తాళ్ళతో లాగాడు. సహాయం కోసం రేడియోలో బాహాటంగా పిలిచాడు. రెడ్ క్రాస్ జెండా పరిచాడు. సెప్టెంబర్ 16న అమెరికన్ విమానం వచ్చి ఆ జలాంతర్గామి మీద బాంబులు వేసింది. పడవల్లో ఉన్నవారూ చనిపోయారు. మర్నాడు డోనిట్జ్ ఆజ్ఞ వెలువడింది: ఇకమీదట ఎవరినీ రక్షించవద్దు. శత్రువు మన నగరాలమీద బాంబులు వేసేటప్పుడు స్త్రీలనూ పిల్లలనూ చూడటంలేదని గుర్తుంచుకొమ్మని కూడా అందులో ఉన్నది. అంటే, "మీరు చేయలేదా?" అన్న వాదం న్యాయస్థానంలో పుట్టలేదు. నేరానికి ముందే, ఆజ్ఞలోనే పుట్టింది.

1946లో న్యూరెంబర్గ్‌లో డోనిట్జ్ న్యాయవాది ఇంకొక అడుగు వేశాడు. పసిఫిక్‌లో అమెరికా కూడా యుద్ధంలో దిగిన మొదటి రోజునుంచే ఈ పద్ధతిలోనే పోరాడిందని అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ చేతనే రాతపూర్వకంగా చెప్పించాడు. మీరూ నేరస్థులేనని అతడు అనలేదు. అందరూ ఆచరించినదే చట్టం కాబట్టి ఇది నేరమే కాదన్నాడు. నియమాలు ఉల్లంఘించాడని న్యాయమూర్తులు తేల్చారు, లకోనియా ఆజ్ఞను తీవ్రంగా గర్హించారు; కాని ఆ ఉల్లంఘనలకు శిక్ష వేయలేదు. పదేళ్ళ జైలు ఇతర అభియోగాల మీద పడింది.

ఇది న్యాయమా? ఒక అర్థంలో న్యాయమే. తాము చేసిన పనికే ఓడినవాణ్ణి శిక్షిస్తే అది తీర్పు కాదు, కక్ష. కాని న్యాయవాది వాదాన్ని చివరిదాకా అంగీకరిస్తే ఏమవుతుంది? బలవంతులు ఏది చేస్తే అదే చట్టమవుతుంది. ఉల్లంఘించే చేతులు ఎక్కువైనకొద్దీ నేరం తగ్గిపోతుంది. అప్పుడు చట్టం ఎవరికోసం?

బ్రిటిష్ వ్యాపార నౌకల బాయిలర్ గదుల్లో బొగ్గు వేసినవారిలో వేలాదిమంది మన దేశపు లాస్కర్లు ఉన్నారు. ఆ యుద్ధాన్ని వాళ్ళు ప్రకటించలేదు; అందులో వాళ్ళు గెలుచుకునేదీ లేదు. నౌక మునిగితే ముందు నీళ్ళు చేరేది వాళ్ళ గదుల్లోకే. రెండు పక్షాలూ ఒకే నేరం చేస్తే వాళ్ళ చావు రద్దయిపోతుందా? "మీరు చేయలేదా?" అన్న ప్రశ్న న్యాయమూర్తి అర్హతను తగ్గిస్తుంది, మునిగినవాడి హక్కును తగ్గించదు.

1921లోనే ఇందుకు ఒక ఆధారం ఉన్నది. లాండవరీ కాజిల్ అనే ఆస్పత్రి నౌకను ముంచి, ప్రాణరక్షక పడవల మీద కాల్పులు జరిపిన కేసులో లైప్‌జిగ్‌లోని జర్మన్ న్యాయస్థానం ఇద్దరు జర్మన్ అధికారులకు నాలుగేళ్ళ శిక్ష వేసింది. అది చట్టవిరుద్ధమని అందరికీ తెలిసిన ఆజ్ఞ గనుక, పైవాడి ఆజ్ఞ అన్న సాకు చెల్లదన్నది. ఆ శిక్ష చిన్నది; అదైనా పూర్తిగా అమలు జరగలేదు. అయినా తమవాళ్ళు చేసిన నేరాన్ని తామే నేరమన్నారు. లకోనియా పడవల మీద బాంబులు వేసినవారిని ఏ న్యాయస్థానమూ పిలవలేదు.

కాబట్టి "మీరు మాత్రం చేయలేదా?" అని ఎవరైనా అడిగితే మనం మొగం తిప్పుకోకూడదు. "చేశాం, దానికీ విచారణ జరగాలి" అని చెప్పగలగాలి. అలా చెప్పలేనివాడు న్యాయం పేరుతో అడిగేది తన గెలుపునే.