ఇసుక మీద వెలిసే ఊరు

చైత్రమాసంలో భద్రాచలం దగ్గర గోదావరి సన్నబడి ఓ పక్కకు ఒదిగి పారుతుంది. మిగతాదంతా ఇసుక. శ్రీరామనవమి ముందురోజు పొద్దు వాలేసరికి ఆ ఇసుక మీద, కరకట్ట మీద, స్నానఘట్టాల దగ్గర, చెట్ల కింద, తాటాకుల చలువ పందిళ్ల కింద ఓ కొత్త ఊరు వెలుస్తుంది. గోడల్లేవు, తలుపుల్లేవు. నాలుగు కర్రలకు కట్టిన పాత చీరే ఇంటికప్పు. చాప పరిస్తే పడకగది, మూడు రాళ్లు పేర్చి నిప్పు రాజేస్తే వంటిల్లు. రేపు మధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో రామయ్య పెళ్లి. పెళ్లివారంతా ముందే దిగిపోయారు.

ఎక్కడెక్కడి జనం! గోదావరి జిల్లాల నుంచి రామనామం చెప్పుకుంటూ కాలినడకన వచ్చినవాళ్లు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవిపల్లెల నుంచి నెత్తిన మూటలతో వచ్చినవాళ్లు. రోడ్లు సరిగా లేని రోజుల్లో రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా లాంచీల్లో వచ్చేవారు. ఇక్కడ ఎవరి హద్దూ ఎవరూ గీసుకోరు. “కాస్త జరుగు తల్లీ” అంటే చాలు, ఒక చాప వెడల్పు చోటు పుడుతుంది. ముక్కూమొహం తెలియని పిల్లాడి చేతిలో పక్కవాళ్ల పులిహోర పడుతుంది. ఇంటి దగ్గర తలుపుకు రెండు గడియలు వేసుకునే మనుషులే ఇక్కడ ఆరుబయట, వేలమంది మధ్య ఆదమరచి నిద్రపోతారు. నాకు ఇంతకన్నా పెద్ద మహిమ ఇంకేదీ కనబడదు.

ఇలా ఆరుబయట బస చేయడానికి ఇంగ్లండులో థామస్ హైరమ్ హోల్డింగ్ అనే దర్జీ 1901లో సైకిళ్ల మీద తిరుగుతూ గుడారాలు వేసుకునేవాళ్లను ఓ క్లబ్బుగా చేర్చాడు. అది నేటికీ నడుస్తోంది. మన వాళ్లకు సభ్యత్వం లేదు, రుసుము లేదు, పిలుపు కూడా అక్కర్లేదు. తిథి వస్తే కదిలిపోతారు.

అసలు భద్రాచలం కొండ మీద రాముడి తొలి గుడి కూడా పందిరే. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి సీతారామలక్ష్మణుల మూర్తులు దొరికాయనీ, ఆమే పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలిచిందనీ స్థలపురాణం. కంచర్ల గోపన్న కట్టించిన రాతిగుడి, అందుకు గోల్కొండ పాలకుడు తానీషా ఆయనకు వేసిన చెర, ప్రభుత్వం తెచ్చే ముత్యాల తలంబ్రాలు, అన్నీ ఆ తర్వాతవే. మిథిలా స్టేడియంలో అంత వైభవంగా కల్యాణం జరుగుతుంటే నా మనసు మాత్రం ఆ తాటిపండు పెట్టిన చేతుల దగ్గరే ఆగిపోతుంది.

తలంబ్రాలు కొంగున ముడివేసుకుని జనం దుమ్ముగూడెం దారి పడతారు. సుమారు 35 కిలోమీటర్ల అవతల, గోదావరి ఒడ్డునే పర్ణశాల. ఇప్పచెట్లు పూలు రాల్చే కాలమది. సీతమ్మ వాగులో రాళ్ల మీది పసుపు, ఎరుపు చారలు చూపించి, అమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. నది ఆవలి గుట్ట చూపించి రావణుడు రథం ఆపిన చోటంటారు. బంగారు లేడి వచ్చిందీ, లక్ష్మణుడు గీత గీసిందీ ఇక్కడేనంటారు. నాసిక్ వాళ్లు అదంతా తమ పంచవటిలోనే జరిగిందంటారు. ఆ తగువులోకి నేను పోను. ఒక ముసలమ్మ ఆ రాతిని తడిమి, వేళ్లు కళ్లకద్దుకుని, “ఇంత ఎండలో ఎట్లా ఉన్నావమ్మా” అని సీతమ్మను అడగడం వింటే, రుజువుల ఊసు ఎవరికి గుర్తుంటుంది? ముందురాత్రి తానూ చెట్టుకిందే పడుకుంది గనక ఆమెకు ఆ మాట అడిగే చనువు వచ్చింది. అయోధ్య మేడల్లోని రాముడు మనకు కాస్త దూరం. ఆకుల గుడిసెలో, తమ్ముడు ఏరి తెచ్చిన పుల్లలతో పొయ్యి వెలిగించుకున్న రాముడు మన చుట్టం. నవమికి ఇంత జనం ఒకటి రెండు రాత్రులు ఆయన బతికినట్టే బతికి చూస్తారు. ఇంతకన్నా గొప్ప పూజ నాకు తెలియదు.

ఆ చాపలు పరుచుకున్న ఇసుక మూడు నెలలు తిరిగేసరికి వరద అడుగుకు వెళ్లిపోతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986లో 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. పెద్ద వరదలొస్తే పర్ణశాలలో సీతమ్మ వాగు చుట్టుపక్కలంతా మునిగిపోతుంది. నీళ్లు తీశాక ఒండ్రు కడుగుతారు, రాళ్లు మళ్లీ తేలతాయి, చైత్రానికి ఇసుక మళ్లీ ఆరుతుంది. జనం మళ్లీ వస్తారు.

వచ్చే నవమికి మీరూ బయల్దేరండి. గది కోసం వెతక్కండి. ఒక చాప, ఒక దుప్పటి, నీళ్లచెంబు, పక్కవాళ్లకు కూడా సరిపడా పులిహోర పట్టుకెళ్లండి. లేచి వచ్చేటప్పుడు ఒక్క ప్లాస్టిక్ కాగితం కూడా ఆ ఇసుకలో వదలకండి.