వ్రాయించినది, చెల్లించినది



మన గ్రామ సంఘములలో మందిరమునకు కప్పు వేయవలెనన్నను, ప్రహరీ గోడ కట్టవలెనన్నను, మొదట పుట్టునది చందా పుస్తకము. పేజీ నడుమ గీత గీసి రెండు భాగములు చేయుదురు. ఎడమ ప్రక్క ఎవరెంత వ్రాయించిరో ఉండును. కుడి ప్రక్క ఎవరెంత చెల్లించిరో ఉండును. కోత పండుగనాడు పెద్దలు లేచి బిగ్గరగా చదువునది ఎడమ ప్రక్కయే. వెయ్యి రూపాయలు వ్రాయించినవాని పేరు ముందు, వంద రూపాయలు వ్రాయించినవాని పేరు వెనుక. చప్పట్లును ఆ వరుసలోనే పడును. కుడి ప్రక్క సంగతి కోశాధికారికిని, ఆయన కాలి చెప్పులకును మాత్రమే తెలియును.

ఇప్పుడు రాజ్యములకు కూడ ఇట్టి పుస్తకములు వచ్చినవి. ఏ దేశము స్త్రీలకు ఎంత సమానత్వము నిచ్చుచున్నది, కూలివారికి ఎట్టి రక్షణ కల్పించుచున్నది, పౌరులకు ఎంత స్వేచ్ఛ నిచ్చుచున్నది అని లెక్కగట్టి, మార్కులు వేసి, వరుస సంఖ్యలు ఇచ్చు సంస్థలు అనేకము గలవు. అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ అను సంస్థ 1973 మొదలుకొని దేశముల స్వేచ్ఛను కొలుచుచున్నది. ప్రపంచ ఆర్థిక వేదిక 2006 మొదలుకొని స్త్రీ పురుషుల మధ్యనున్న వ్యత్యాసమును గూర్చి పట్టిక ప్రకటించుచున్నది. ప్రపంచ బ్యాంకు స్త్రీలకు సంబంధించిన చట్టములను లెక్కించుచున్నది. వార్తాపత్రికలు ఈ పట్టికలను బడిపిల్లల పరీక్షా ఫలితములవలె అచ్చు వేయుచున్నవి. మన దేశము వెనుకబడినదని చదివి కొందరు సిగ్గుపడుదురు, కొందరు పట్టిక వ్రాసినవారిని తిట్టుదురు.

ఒక దేశము తాను సాంఘిక ప్రగతిని కోరుచున్నానని ఎంత గట్టిగా చాటుచున్నదో కొలుచుటయు, ఆ దేశములోని బీదరాలికి ఆ ప్రగతి ఎంతవరకు అందినదో కొలుచుటయు ఒకటేనా? ఒకటి కానియెడల, ఆ చాటింపును కొలిచి ప్రయోజనమేమి? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే.

మత్తయి సువార్త 21వ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల సంగతి మీకందరికిని తెలిసినదే. తండ్రి ద్రాక్షతోటలో పనికి పొమ్మనగా ఒకడు పోననెను, తరువాత మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు ఎంతో మర్యాదగా పోదుననెను గాని పోలేదు. ఆ ఉదయమున వారి వాకిట ఎవరైన బల్ల వేసికొని కూర్చుండి కుమారులకు మార్కులు వేసియుండినయెడల, రెండవవానికి మొదటి స్థానము వచ్చియుండును. మార్కులు వేయువాడు అబద్ధికుడు కాడు. తాను విన్నది విన్నట్లే వ్రాసెను. వాడు వచ్చిన వేళ మాత్రము పొరపాటు. సాయంకాలము తోటకు వెళ్లి చూడవలసినది.

రాజ్యముల విషయములో ఇది ఎట్లు జరుగునో చూడుడి. స్త్రీల పట్ల సకల వివక్షను తొలగించుటకు ఐక్యరాజ్య సమితి 1979లో ఒక ఒడంబడికను సిద్ధపరచెను. అమెరికా 1980లో దానిపై సంతకము చేసెను గాని, ఆ దేశపు సెనేటు నేటివరకు ఆమోదము తెలుపలేదు. సౌదీ అరేబియా 2000లో కొన్ని షరతులతో దానిని ఆమోదించెను. అయినను ఆ దేశములో స్త్రీ కారు నడుపుటకు అనుమతి దొరికినది 2018 జూను నెలలో. ఆ అనుమతి కొరకు పాటుపడిన స్త్రీలలో కొందరిని అంతకు ముందటి నెలలోనే నిర్బంధించిరి. ఒడంబడికలను మాత్రమే లెక్కించువాని పుస్తకములో సౌదీ అరేబియా ముందు నిలుచును, అమెరికా వెనుక నిలుచును. ఇట్లు చెప్పుటలో అమెరికాయే తోటకు వెళ్లిన కుమారుడని నా భావము కాదు. ప్రసవించిన తల్లికి జీతముతో కూడిన సెలవు ఇయ్యవలెనని దేశములోని యజమానులందరిని కట్టడిచేయు చట్టము అక్కడ నేటికిని లేదు.

మన దేశములో ఆ చట్టము కలదు. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, సెలవును 26 వారములకు పెంచిరి. ధనిక దేశములు అనేకము ఇంత ఇచ్చుట లేదు. పట్టికలో మనకు మంచి మార్కులు రావలసినదే. కాని మన సంఘములోని స్త్రీలలో ఎందరికి ఆ 26 వారములు దొరికినవి? నెలలు నిండువరకు నాట్లు వేసి, బిడ్డను కని, కొద్ది వారములకే చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టి మరల కలుపు తీయుటకు దిగు తల్లికి జీతమిచ్చు యజమాని ఎవడు? కార్ఖానాలకును, పదిమందికి తగ్గని పనివారున్న దుకాణములకును, కార్యాలయములకును వ్రాసిన చట్టము ఆమె గట్టు దగ్గరకు రాలేదు. చట్టము అబద్ధము కాదు. అది ఆమెకు వ్రాయబడలేదు, అంతే. దూరదేశపు పట్టికలో ఈ భేదము కనబడదు.

ఇంతకంటె కఠినమైన దృష్టాంతము మధ్య అమెరికాలోని నికరాగువా. అక్కడ ఎన్నికల జాబితాలలో సగము మంది స్త్రీలు ఉండవలెనని చట్టము చేసిరి. శాసనసభలో స్త్రీలు దాదాపు సగము మంది కూర్చుండిరి. అందుచేత ప్రపంచ ఆర్థిక వేదిక పట్టికలో 2018వ సంవత్సరమున ఆ దేశమునకు 5వ స్థానము వచ్చెను. అదే సంవత్సరము ఏప్రిలు మొదలుకొని ప్రభుత్వమును ప్రశ్నించుచు వీధిలోనికి వచ్చిన ప్రజలపై దాడులు జరిగి 300 మందికి పైగా చనిపోయిరి. 2023లో 7వ స్థానము. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే మతగల్పా బిషప్పైన రొలాండో ఆల్వరెజ్‌కు 26 సంవత్సరముల శిక్ష విధించిరి. 2024 జనవరిలో ఆయనను వాటికనుకు పంపివేసిరి. ఆయన మన శాఖవాడు కాడు. అయినను చెరలోనున్నవారిని జ్ఞాపకము చేసికొనుడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక మనకు నేర్పునప్పుడు శాఖను అడుగుమని చెప్పలేదు. పట్టిక ఇక్కడ చేసినదేమి? సభలోనున్న కుర్చీలను లెక్కించెను. ఆ కుర్చీలో కూర్చున్న స్త్రీ అధ్యక్షునితో కాదని చెప్పగలదా అను ప్రశ్నకు దానిలో గడి లేదు.

ఆ పట్టికను వ్రాయువారు మోసగాండ్రని చెప్పుట లేదు. తాము కొలుచునది స్త్రీకిని పురుషునికిని మధ్యనున్న ఎడమును మాత్రమే గాని వారి జీవనమట్టమును కాదని వారే స్పష్టముగా తెలుపుదురు. ఇద్దరును సమానముగా బీదవారైనయెడల ఎడము లేనట్లే. చదువువారు ఆ షరతును చదువరు. 5 అను అంకెను మాత్రము చదువుదురు.

అంకెకు మరియొక బలహీనతయు కలదు. వరుసలో పైకి ప్రాకుటకు పని చేయుట ఒక మార్గము. లెక్కను దిద్దించుట ఇంకొక మార్గము. వ్యాపారము చేయుటకు ఏ దేశము అనుకూలమో తెలుపు పట్టికను ప్రపంచ బ్యాంకు ఎన్నో సంవత్సరములు ప్రకటించెను. 2018, 2020 సంవత్సరముల నివేదికలలో కొన్ని దేశముల అంకెలు సరికాని రీతిగా మార్చబడెనని తేలినందున 2021 సెప్టెంబరులో దానిని నిలిపివేసెను. దావీదు జనసంఖ్య చేయబూనినప్పుడు యుద్ధము తప్ప ఎక్కువేమియు ఎరుగని యోవాబు కూడ ఎందుకని అడిగెను. లెక్క పాపము కాదు. లెక్క ఎవరి సంతోషము కొరకు అనునదే అక్కడి చిక్కు.

ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములకు వ్రాసిన లేఖలను ఈ దృష్టితో మరియొకసారి చదువుడి. ప్రతి సంఘము యొక్క క్రియలును పరీక్షింపబడెను. సార్దీసు సంఘమునకు జీవించుచున్నదను పేరు మాత్రమే మిగిలెనని నిర్మొగమాటముగా చెప్పబడెను. బీదదైన స్ముర్న సంఘము ధనముగలదని ఎంచబడెను. అయితే ఏడింటిలో ఎవరు మొదటివారు, ఎవరు కడపటివారు అను మాట ఎక్కడను లేదు. స్ముర్న కంటె నీవు క్రింద నున్నావని లవొదికయను గద్దింపలేదు. ఎవరి లెక్క వారి ముందర పెట్టబడెను. నాకు ఈ పట్టికలలో ఎక్కువ అభ్యంతరకరముగా తోచునది ఈ వరుసయే. పొరుగువాడు ఇంకను చెడ్డవాడైనయెడల మన పాపము తగ్గినట్లు కనబడును.

అట్లయిన ఈ పుస్తకములను అవతల పారవేయుదమా? మన పెద్దలలో కొందరు ఆ మాటయే అందురు. ప్రగతి అను మాటయే లోకసంబంధమైనదని చెప్పువారును కలరు. నేను ఒప్పుకొనను. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలువబడి తండ్రి స్వాస్థ్యములో పాలు అడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమేనని యెహోవా సెలవిచ్చెను. ఆ అయిదుగురి పేర్లును సంఖ్యాకాండములో వ్రాయబడినవి.

మరియు చందా పుస్తకమునకు మనము ఇంతవరకు తలంపని ఉపయోగము ఒకటి కలదు. ఎడమ ప్రక్క పేరు వ్రాయించినందుననే కోశాధికారి ఆ ఇంటి తలుపు తట్టగలుగుచున్నాడు. వ్రాయించనివాని ఇంటికి ఏ ముఖముతో పోవును? డంబము కొరకు వ్రాయించినను, చప్పట్ల కొరకు వ్రాయించినను, వ్రాయించినది అప్పే. పోదునని చెప్పిన రెండవ కుమారుడు కూడ, తనకు తెలియకుండగనే, తండ్రి చేతికి ఒక పత్రము ఇచ్చెను.

ఐస్లాండు దేశము ఆ పట్టికలో 2009 మొదలుకొని మొదటి స్థానములో ఉన్నది. ఆ దేశపు స్త్రీలు 2023 అక్టోబరు 24న పని మానివేసి వీధులలోనికి వచ్చిరి. నాటి ప్రధానమంత్రియైన కత్రిన్ యాకబ్స్‌దొత్తిర్ కూడ ఆనాడు పని మానెను. 1975లో అదే తేదీన వారి తల్లులును అట్లే చేసిరి. మొదటి స్థానము వచ్చినదని వారు ఇంట కూర్చుండలేదు. మీరు మొదటివారమని చెప్పుకొనుచున్నారు గదా, ఇంకను తక్కువ జీతమేల అని అడిగిరి. మరియు ప్రపంచ బ్యాంకు 2024లో కుడి ప్రక్క గీత గీయుట మొదలుపెట్టెను. సమానమైన పనికి సమానమైన వేతనము ఇయ్యవలెనని 98 దేశములు చట్టము చేయగా, జీతములను బయలుపరచుటకును చట్టమును అమలుజరుపుటకును ఏర్పాటు చేసినవి 35 మాత్రమేనని తెలిపెను. ఆ 98కిని 35కిని మధ్యనున్న 63 దేశముల స్త్రీలకు ఇప్పుడు ఎవరి తలుపు తట్టవలెనో తెలిసినది.

మన పంచాయతీలను చూచినను ఇదే కనబడును. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ మూడింట ఒక వంతు స్థానములు స్త్రీలకు కేటాయించెను. మన తెలుగు రాష్ట్రములు దానిని సగమునకు పెంచినవి. సర్పంచ్ గారి కుర్చీలో భర్త కూర్చుండుట మనమందరము చూచినదే, నవ్వుకొనినదే. అయితే రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అను పరిశోధకులు పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ గ్రామములను పరిశీలించి 2004లో ప్రకటించిన దానినిబట్టి, స్త్రీకి కేటాయించిన పంచాయతీలలో మంచినీటి పనులకు ఎక్కువ వెచ్చించిరి. బిందె మోయువారు అడిగినది నీళ్లే గనుక. నవ్వులాటగా కనబడిన కుర్చీ నుండి కూడ కొంత చెల్లింపు వచ్చెను.

ఇంకొక సంగతి చెప్పి ముగించెదను. మన దేశము పైన చెప్పిన ఐక్యరాజ్య సమితి ఒడంబడికను 1993లో ఆమోదించెను. ఆనాడు అది ఎంతమందికి తెలిసెనో! దానికి ముందటి సంవత్సరము రాజస్థాన్‌లోని ఒక గ్రామములో బాల్యవివాహమును ఆపుటకు ప్రయత్నించిన ఒక పేద గ్రామసేవికను కొందరు పురుషులు చెరిచిరి. 1995లో క్రింది న్యాయస్థానము ఆ నేరారోపణ నుండి వారిని విడిచిపెట్టెను. పనిచేయు స్త్రీని కాపాడుటకు అప్పుడు దేశములో ప్రత్యేక చట్టము లేదు. స్త్రీల సంఘములు సుప్రీంకోర్టును ఆశ్రయించినవి. 1997 ఆగస్టులో విశాఖ కేసు తీర్పునిచ్చునప్పుడు న్యాయమూర్తులు ఆ ఒడంబడికను ఎత్తి చూపి, ప్రపంచము ఎదుట ఇచ్చిన మాట ఇంటిలో చెల్లవలెనని నియమములు ఏర్పరచిరి. 2013లో అది చట్టమాయెను. నేడు కార్యాలయములో, బడిలో, ఆసుపత్రిలో పనిచేయు మన కుమార్తెలకు ఫిర్యాదు చేయు హక్కు ఆ సంతకము వలన వచ్చినది. 1997 తీర్పు ఆ గ్రామసేవికపై జరిగిన నేరమును విచారించినది కాదు. ఆమె పేరుకు ఎదురుగా కుడి ప్రక్క అప్పటికిని ఏమియు వ్రాయబడలేదు.