పోయిన ఉంగరము

ధ్యాన భాగములు: లూకా 15:8–10, యాకోబు 2:1–4



పెనుకొండ ప్రాంతమున మన సంఘస్థుల చేనిలో, గత సంవత్సరము వేరుశనగ కోతల కాలమున జరిగిన సంగతి యొకటి మీ యెదుట ఉంచగోరుచున్నాము. పేర్లు చెప్పము. ఒకరిని వేలెత్తి చూపుటకు వ్రాయుటలేదు. ఆ దినమున తప్పిపోయినవారిలో మేమును ఉన్నాము గనుక వ్రాయుచున్నాము.

ఆ చేని యజమానురాలు ఒక సంఘపెద్ద భార్య. పెండ్లినాడు దేవాలయములో భర్త తొడిగిన బంగారు ఉంగరము ఆమె వ్రేలినుండి ఎప్పుడు జారెనో ఆమెకే తెలియదు. సాయంకాలమున చేతులు కడుగుకొనునప్పుడు వ్రేలు బోసిగా కనబడెను. ఆ దినమున చెట్లు పెరికిన కూలివారు పదిమంది. పదిమందిలో ఒక్కతెనే ప్రక్కకు పిలిచిరి. ఆమె విధవరాలు, అప్పులున్నది, చెవులకు కమ్మలైనను లేనిది. ఆమె సద్దిమూట విప్పించిరి, కొంగు దులిపించిరి. ఏమియు దొరకలేదు. “నేను ఎత్తుకోలేదమ్మా, దేవుని తోడు” అని ఆమె యేడ్చెను. అప్పుడు మేము కాయల రాశి ప్రక్కనే నిలిచియుంటిమి. నోరు తెరువలేదు.

ఉంగరము దొరకకపోయినను మాట మాత్రము ఊరంతయు తిరిగెను. ఆ వారమే ఆమె ధర్మవరములో పట్టుచీరలు నేయు బంధువుల యింటికి వెళ్లిపోయెను. ఆదివారమున ఆమె కూర్చుండు చాప ఖాళీగా నుండెను.

నెల తరువాత ఆ పెద్దగారి మేనల్లుడు హిందూపురమునుండి మెటల్ డిటెక్టరు అను యంత్రమును తెచ్చెను. చేను ఇంకను దున్నలేదు. యంత్రమును చూడగానే పిల్లలు, పెద్దలు గుమిగూడిరి. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులు పెనుకొండకు వచ్చి యుండిరి గనుక, ఇక్కడ ఎవరు నేల త్రవ్వినను నిధికొరకే అనుకొందురు. నేలలో దాగిన నిధి పది రూపాయల విలువకు మించి దొరికినయెడల కలెక్టరుగారికి తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. తన చేనిలో తన వస్తువును వెదకుకొనుట వేరు. ఆశతో కోటగోడలు త్రవ్వుట వేరు. ఆ యువకుడు ఈ మాట అందరికి చెప్పి పని మొదలుపెట్టెను.

ఆ యంత్రము ఒక కర్రవంటిది. దాని చివర పళ్లెము, పళ్లెములో రాగితీగ చుట్ట. బ్యాటరీనుండి క్షణక్షణము మారు విద్యుత్తు ఆ చుట్టలో పారగా అయస్కాంత శక్తి నేలలోనికి దిగును. అక్కడ లోహమున్నయెడల దానిలోను చిన్న విద్యుత్తు పుట్టి, తన శక్తిని తిరిగి పైకి పంపును. యంత్రము దానిని పట్టుకొని కూయును. అయితే బంగారమునకే కాదు, ఇనుమునకును కూయును. ఎద్దు నాడా మేకు, విరిగిన కొడవలి ముక్క, సోడా మూత, ఇట్టివి ఎన్నో దొరికెను. కూసిన ప్రతిసారి మోకాళ్లూని మన్ను తీయవలెను. త్రాడు కట్టి, బారుబారుగా, ఒక్క అడుగైనను విడువక రెండు దినములు వెదకిరి. రెండవ దినమున కానుగ చెట్టు నీడలో, యజమానురాలే కూర్చుండి భోజనము చేసిన చోట, నాలుగు వ్రేళ్ల లోతున ఉంగరము దొరికెను. నెల దినములు మంటిలో నున్నను దాని మెరుపు పోలేదు.

ప్రియులారా, ఇటువంటి యంత్రమును గూర్చి పాత సంగతి యొకటి కలదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. టెలిఫోనుకు పేరుపొందిన గ్రాహం బెల్లు, శరీరములోని గుండును కనుగొనుటకు యంత్రమును సిద్ధపరచి తెచ్చెను. గుండు దొరకలేదు. మంచము క్రింది ఉక్కు స్ప్రింగులు యంత్రమునకు అడ్డుతగిలెను. అంతేకాదు, గుండు కుడిప్రక్కనే యున్నదని ముఖ్య వైద్యుడు ముందే తీర్మానించుకొని, ఆ ప్రక్కనే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించిన తరువాత చూడగా, గుండు ఎడమప్రక్కన నుండెను.

మన చేనిలో జరిగినదియు ఇదే కాదా? ఎక్కడ వెదకవలెనో మనము ముందే తీర్మానించుకొంటిమి. బీదరాలి మూటలో! బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలము చూపి, మాసిన బట్టలవానిని కాళ్లయొద్ద కూర్చుండమనువారిని యాకోబు భక్తుడు గద్దించుచున్నాడు. ఉంగరము గలవారి మాట నమ్మి, ఉంగరము లేనిదానిని దొంగగా నెంచిన మనకు ఆ గద్దింపు తగదా?

ప్రభువు చెప్పిన ఉపమానములోని స్త్రీని చూడుడి. నాణెము పోగానే ఆమె దీపము వెలిగించి తన యిల్లు తాను ఊడ్చుకొనెను. పొరుగువారిని పిలిచినది సోదా చేయుటకు కాదు. దొరికిన తరువాత, సంతోషించుటకు. మనమైతే మొదటనే పొరుగుదానిని పిలిచితిమి, మన కానుగచెట్టు నీడను కడపట వెదకితిమి. అదే అధ్యాయములో తండ్రి, తిరిగివచ్చిన కుమారుని చేతికి ఉంగరము తొడిగించెను. మనుష్యుని కొరకు ఉంగరము ఇచ్చిన తండ్రి ఆయన. ఉంగరము కొరకు మనుష్యురాలిని పోగొట్టుకొన్నవారము మనము.

ఉంగరము దొరికిన మరుసటి దినమే ఆ పెద్దగారును, ఆయన భార్యయు, మేమును పెనుకొండలో రైలెక్కి ధర్మవరములో దిగితిమి. యజమానురాలు ఆమె చేతులు పట్టుకొని, “తప్పయిపోయింది చెల్లెలా, క్షమించు” అనెను. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “ఉంగరం దొరికింది, సంతోషమేనమ్మా. ఆ పొద్దు మీరంతా నన్ను చూసిన చూపు, దాన్ని ఏ మిషనుతో తీస్తారు?” అని అడిగెను. మావైపు తిరిగి, “అయ్యగారూ, మీరూ ఉన్నారు గదా ఆడ” అనెను. మాయొద్ద జవాబు లేదు. మా తప్పును ఒప్పుకొంటిమి.

జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. మంచిపేరు తీసికొన్నవారు దేనితో చెల్లింపగలరు? నింద పదిమందిలో వేసితిమి గనుక, క్షమాపణయు పదిమందిలోనే అడుగవలెనని నిశ్చయించుకొంటిమి. ఆదివార ఆరాధనలో పెద్దగారు లేచి ఆమె నిర్దోషియని చెప్పిరి. మేమును మా మౌనమును ఒప్పుకొంటిమి. తరువాత వచ్చిన కోతపండుగకు ఆమె ధర్మవరమునుండి వచ్చి, వెనుక తన పాతచోటనే కూర్చుండెను. యజమానురాలు ముందువరుస విడిచి, వెళ్లి అదే చాపమీద ఆమె ప్రక్కన కూర్చుండెను. ఆ దినమున మేము చెప్పిన ప్రసంగముకంటె అదియే మంచి ప్రసంగము.

ప్రియులారా, మీ ఊరిలోను రేపు ఏదో ఒకటి పోవచ్చును: గొలుసో, డబ్బో, కోడియో. అప్పుడు మీ చూపు మొదట ఎవరి గుడిసె వైపు తిరుగునో జాగ్రత్తగా చూచుకొనుడి. మొదట మీ యిల్లు ఊడ్చుకొనుడి. మీ మాటవలన ఇదివరకే ఎవరైనను సంఘమునకు దూరమై యున్నయెడల, ఈ నెలలోనే వారి యింటికి వెళ్లుడి.

తప్పిపోయినవారిని వెదకి రక్షించు ప్రభువు, మన హృదయములనుకూడ వెదకి శుద్ధిచేయును గాక. ఆమేన్.