వస్త్రానికి రెండు కొసలు

వాక్యభాగం: ఆదికాండము 9:20-23



ఈ నెల ధ్యానానికి తెచ్చిన సంగతి మన సంఘాల్లో పైకి ఎవరూ మాట్లాడనిది. మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, వచ్చిన తల్లికో తండ్రికో ఒంటికి, దొడ్డికి వస్తున్న సంగతి తెలియకుండా పోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? చదవడానికి ఇబ్బందిగా ఉండవచ్చు. కానీ బైబిలు ఇలాంటి ఇబ్బందిని దాచలేదు.

నోవహు మత్తులో తన గుడారంలో వస్త్రహీనుడై పడి ఉన్నాడు. హాము చూశాడు, బయటికి వెళ్ళి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతు మాత్రం ఒక వస్త్రం తీసుకొని, ఇద్దరి భుజాల మీద వేసుకొని, వెనక్కి నడిచి, మొహాలు అటు తిప్పుకొని తండ్రిని కప్పారు. నోవహు అవమానం తాగినందువల్ల వచ్చింది. మన పెద్దల అవమానం జబ్బు వల్ల వచ్చింది. అలాంటి తండ్రినే కొడుకులు కప్పితే, ఏ తప్పూ లేని తల్లిని మనం ఇంకెంతగా కప్పాలి!

ఈ భాగం మీద నేను చాలాసార్లు మాట్లాడాను. ఆ ముగ్గురు కొడుకుల్లో నేనెవరినో మాత్రం మా అమ్మ మా ఇంటికి వచ్చాకే తెలిసింది.

నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్ళాక అమ్మను గుంటూరు జిల్లా నుండి డల్లాస్ దగ్గర మా ఇంటికి తీసుకొచ్చాం. రెండేళ్ళు బాగానే గడిచాయి. తరువాత మనవల పేర్లు పోయాయి, ఆదివారమో సోమవారమో పోయింది. ఆ తరువాత కార్పెట్ తడవడం మొదలైంది. "ఎవరో నీళ్ళు పోశారురా" అనేది. "చిన్నపిల్లవా అమ్మా?" అని నేను గొంతు పెంచేవాణ్ణి. రోజుకు పదిసార్లు వెనక తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం లాగేది. పారిపోతుందేమోనని తాళం వేశాను.

ఒక శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక అయ్యాక భోజనాల దగ్గర ఈ నీళ్ళ సంగతి నవ్వుతూ చెప్పాను. అందరూ నవ్వారు. అమ్మ పక్కగదిలో ఉందనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకొని తల దించుకుంది. నా పేరు మరిచిపోయిన మనిషికి సిగ్గుపడడం మరుపు రాలేదు. వంటగదిలో నా భార్య అంట్లు కడుగుతూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పక్కబట్టలు మార్చేది, అమ్మను కడిగేది అంతా తనే. నేను చేసింది కథ చెప్పడం ఒక్కటే. ప్రియులారా, ఆ రాత్రి నేను హామునని నాకు అర్థమైంది.

మరుసటి వారం మా పిన్నితో ఫోనులో తలుపు సంగతి చెప్పాను. "పారిపోవడం కాదురా, అక్క దొడ్లోకి పోవాలంటోంది. మన ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లోనే గదా ఉండేది" అంది. అమ్మ మాకు రోజుకు పదిసార్లు చెబుతూనే ఉంది. మేమే తలుపుకు తాళం వేశాం.

అవమానాన్ని కప్పాలంటే ముందు అర్థం చేసుకోవాలి. మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. వస్తోందా అని అడగవద్దు, రాదనే అంటారు. నిద్ర లేవగానే, భోజనమయ్యాక, పడుకునే ముందు, మధ్యలో రెండేసి గంటలకు "రా అమ్మా, వెళ్ళొద్దాం" అని చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళండి. చీర సర్దుకుంటూ ఉన్నా, ఊరికే లేచి తిరుగుతున్నా అదే గుర్తు. చిన్ననాటి మాటలు చివరిదాకా మిగులుతాయి గనుక "బాత్రూమ్" తెలియకపోయినా "దొడ్డి" తెలుస్తుంది. కాగితం చేతికిస్తే ఏం చేయాలో తోచదు. ఒక చెంబు పెట్టండి. తెల్ల గోడల మధ్య తెల్ల కమోడ్ ఆ కళ్ళకు ఆనదు. రంగు సీటు వేయించండి. రాత్రంతా లైటు ఉంచండి.

తడుపుతున్నారని నీళ్ళు తగ్గించకండి. నీళ్ళు చాలకపోతే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉన్నట్టుండి మార్పు వస్తే వయసు అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్ళలో మూత్రం ఇన్‌ఫెక్షన్‌కు జ్వరం లేకుండా, తికమక పెరగడమే గుర్తు కావచ్చు. తడిసిన వెంటనే మార్చి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది తుడిచి, క్రీము రాయండి. ఎర్రదనం తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. అందరి ముందు "డైపర్" అనకండి. మేము "లోపలి బట్ట" అంటాం.

ఇక వాక్యంలో మరొక సంగతి చూడండి. ఆ వస్త్రం ఇద్దరి భుజాల మీద ఉంది. అటు చూడకుండా, వెనక్కి నడుస్తూ, అంత వస్త్రం కప్పడం ఒక్కరికి కష్టం. మన ఇళ్ళలో మాత్రం ఒకే ఒక కోడలు, లేదా ఒకే ఒక కూతురు రెండు కొసలూ పట్టుకొని నడుస్తోంది. తల్లిని కొడుకు కడగడం మర్యాదా అని అడుగుతారు. సరే, కడగడానికి సిగ్గయితే బట్టలు ఉతకవచ్చు, రాత్రి రెండింటికి లేచి నడిపించవచ్చు, డైపర్లకు డబ్బు పెట్టవచ్చు. గ్రీన్ కార్డు మీద వచ్చిన పెద్దలకు సాధారణంగా అయిదేళ్ళు నిండితే గాని మెడికేర్ కొనుక్కునే వీలుండదు. మెడికేర్ ఉన్నా మామూలుగా డైపర్లకు ఇవ్వదు. ఇండియాలో ఉన్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా, రెండో కొస మీది కూడా.

తల్లిదండ్రులకు ఇవ్వవలసింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు మార్కు 7లో గద్దించాడు. సౌత్ కరోలినాలోని కొలంబియాలో ఒక బైబిలు కళాశాలకు ఇరవై రెండేళ్ళు అధ్యక్షుడిగా ఉన్న రాబర్ట్‌సన్ మెక్‌క్విల్కిన్, ఆల్జీమర్స్ వచ్చిన భార్య మ్యూరియెల్‌ను చూసుకోవడానికి 1990లో ఆ పదవి వదిలేశాడు. 2003లో ఆమె కన్నుమూసేవరకు ఆయనకు అదే పరిచర్య. అందరూ ఉద్యోగం వదలలేరు. కానీ అది పరిచర్య కాదని మాత్రం ఎవరూ అనలేరు.

సంఘమా, నీకొక మాట. హాము చెప్పాడు గనుక మనం అసలు చెప్పుకోకూడదని కాదు. అతడు సహాయం కోసం చెప్పినట్టు వాక్యంలో లేదు. సహాయం కోసం చెప్పుకోవడం తల్లిని బయటపెట్టడం కాదు. ఒక కుటుంబం ఆరాధనకు రావడం మానేస్తే వెనకబడిపోయారని అనుకోకముందు వారి ఇంట్లో పెద్దవాళ్ళున్నారేమో అడగండి. ఆదివారం రెండు గంటలు వారి దగ్గర కూర్చోండి. ఆల్జీమర్స్ అసోసియేషన్ సహాయ ఫోను 800-272-3900 రాత్రింబగళ్ళు పనిచేస్తుంది. ఇంగ్లీషు రానివారు దుబాసీని అడగవచ్చు.

యోహాను 13లో మన ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల మురికి పాదాలు కడిగాడు. పేతురు వద్దన్నాడు, మా అమ్మ నా చెయ్యి తోసేసినట్టు. ప్రభువు అతన్ని వదిలి వెళ్ళలేదు. నెమ్మదిగా చెప్పి కడిగాడు. తల నెరిసేవరకు తన ప్రజలను ఎత్తుకుంటానని యెషయా 46లో మాట ఇచ్చిన దేవుడు మా అమ్మను ఎత్తుకున్నది నా భార్య చేతులతోనే. ఆలస్యంగానైనా నా చేతులు కూడా కలిశాయి. ఇప్పుడు మా వెనక తలుపుకు తాళం లేదు. అమ్మ అటు నడిస్తే నేను లేచి చెయ్యి పట్టుకుంటాను.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా సిగ్గును నీ కుమారుని రక్తంతో కప్పినందుకు స్తోత్రం. మమ్మల్ని కడిగి పెంచిన చేతులను చీదరించుకున్న మమ్మల్ని క్షమించు. ఈ రాత్రి ఒంటరిగా పక్కబట్టలు మారుస్తున్న ప్రతి బిడ్డకు బలమివ్వు, రెండో కొస పట్టుకునేవారిని పంపు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.