అనాతోతు పొలము

ధ్యానభాగము: యిర్మీయా 32:6–15, 42–44
తోడు వాక్యములు: యిర్మీయా 28, 29 అధ్యాయములు, ప్రసంగి 11:1–6, ఎజ్రా 2:23

ఆ దినములు పొలము కొనదగిన దినములు కావు. క్రీస్తుపూర్వము 587 ప్రాంతమున, సిద్కియా యేలుబడి పదియవ సంవత్సరములో, బబులోను సైన్యము యెరూషలేమును చుట్టుముట్టి దిబ్బలు వేసియున్నది. పట్టణములో రొట్టె కరవైనది. యిర్మీయా చెరసాల ఆవరణములో బంధింపబడియున్నాడు. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. అనాతోతు యెరూషలేమునకు కొద్ది దూరమున నున్న పల్లె. ఆ నేలపై అప్పటికే శత్రువుల గుఱ్ఱములు తిరుగుచున్నవి. పట్టణము కూలిపోవునని నలువది ఏండ్లుగా ప్రకటించినవాడు యిర్మీయాయే. అయినను అతడు పదియేడు తులముల వెండి తూచి యిచ్చి ఆ పొలమును కొనెను.

ప్రియ చదువరీ, మన సంఘములలో దశమభాగమును గూర్చిన ప్రసంగములు తరచుగా వినుచున్నాము; అది మంచిదే. అయితే మిగిలిన తొమ్మిది భాగములను ఎక్కడ ఉంచవలెను, ఎవరిచేతి కియ్యవలెను అను సంగతిని గూర్చి ప్రసంగవేదిక మీద మాట వినబడుట అరుదు. వేదిక మౌనముగా ఉన్నచోట దళారి మాట్లాడును. ఆ తొమ్మిది భాగములు కూడ ప్రభువువే గనుక ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

ఈ ఆలోచనకు బస్తరు సీమ తగిన స్థలము. తెలుగు విశ్వాసులకు అది పరాయి నేల కాదు. యెల్లందు ప్రాంతములో సేవచేసిన మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డు పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న దినములలో జగదల్‌పూర్‌లో సేవ ఆరంభించెను. తరువాత ఇనుము మనలను ఆ సీమతో కలిపినది. నేటి దంతేవాడ జిల్లాలోని బైలడిలా కొండలలో 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇనుప ఖనిజము త్రవ్వుట మొదలుపెట్టెను. ఎద్దు మూపురమువలె కనబడుట చేత ఆ కొండలకు ఆ పేరు కలిగినది. ఆ ఖనిజము కొత్తవలస – కిరండూల్ రైలుమార్గము మీద అరకు కొండలు దాటి విశాఖ రేవుకు, అచ్చటనుండి జపానుకు పోయెను. కిరండూల్, బచేలి పట్టణములలో ఎన్నో తెలుగు కుటుంబములు నిలిచి పిల్లలను పెంచి చదివించుకొనినవి.

అట్టి గనిలో ముప్పదియైదేండ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక సహోదరుని ఊహించుడి. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ కలిపి జీవితములో ఎన్నడును చూడనంత సొమ్ము ఒక్క దినమున అతని ఖాతాలో పడినది. ఆ వారమే తలుపు తట్టువారు మొదలగుదురు. ఒకడు స్థలము కొనుమనును. ఒకడు షేర్లు కొనుమనును. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సంఘస్థుడే చేయి పట్టుకొని, “రెండేండ్లలో రెట్టింపు అన్నా” అని చెవిలో చెప్పును. కుమార్తె పెండ్లి, భార్య వైద్యము, తమ వృద్ధాప్యము, అన్నియు ఆ సొమ్ము మీదనే ఆనుకొనియున్నవి. అతనికి యిర్మీయా ఏమి నేర్పగలడు?

1. రెండేండ్ల ప్రవక్తను నమ్మకుడి

యిర్మీయా కాలములోనే హనన్యా అను మరియొక ప్రవక్త ఉండెను. రెండేండ్లలో బబులోను కాడి విరుగుననియు, పోయిన ఉపకరణములన్నియు తిరిగి వచ్చుననియు అతడు ప్రకటించెను. జనులకు ఆ మాట తీయగా నుండెను. యిర్మీయా చెప్పినది డెబ్బది ఏండ్ల మాట: ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, ఓర్పుతో నిరీక్షించుడి అని చెరలో నున్నవారికి అతడు వ్రాసి పంపెను. రెండేండ్ల వాగ్దానము అబద్ధమాయెను. డెబ్బది ఏండ్ల వాగ్దానము నిలిచెను.

నేటి హనన్యాలును రెండేండ్ల మాటనే చెప్పుచున్నారు. వారిని పరీక్షించుటకు చిన్న లెక్క యున్నది. 72ను వడ్డీ శాతముతో భాగించినచో సొమ్ము రెట్టింపగుటకు పట్టు సంవత్సరములు దాదాపుగా తెలియును. ఎనిమిది శాతమునకు తొమ్మిది ఏండ్లు పట్టును. రెండేండ్లలో రెట్టింపు చేయుదుననువాడు ఏటికి 36 శాతము లాభము తేవలెను. న్యాయమైన ఏ వ్యాపారము అంత లాభమును ప్రతి యేడు తప్పక ఇయ్యగలదు? క్రొత్తగా చేరినవారి సొమ్ము తీసి పాతవారికి పంచుటయే అట్టి పథకముల మర్మము. చేరువారు తగ్గిన దినమున గోడ కూలును.

మన నేలమీద ఇది జరుగనిదా? విజయవాడ కేంద్రముగా 1995లో ఆరంభమైన అగ్రిగోల్డు సంస్థ, స్థలమో అధిక ప్రతిఫలమో ఇత్తుమని చెప్పి పలు రాష్ట్రములలో 32 లక్షల ఖాతాలనుండి సుమారు రూ.6,380 కోట్లు సేకరించెను. 2015 నాటికి అది కూలిపోయెను. కూలివారు, చిన్న రైతులు, కుట్టుమిషను మీద రూపాయి రూపాయి కూడబెట్టిన స్త్రీలు అందులో ఉండిరి. చిన్న మొత్తములవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019, 2021 సంవత్సరములలో కొంత చెల్లించెను. అనేకులకు ఎడతెగని ఎదురుచూపే మిగిలెను. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని మన పెద్దలు ఊరకే చెప్పలేదు.

2. తూచుడి, వ్రాయించుడి, సాక్షులను పెట్టుడి

యిర్మీయా దేవుని మాటచొప్పున కొనెను. అమ్మినవాడు సొంత బంధువు. పత్రమును అందుకొనినవాడు నమ్మకస్థుడైన బారూకు. ఇన్ని యున్నను అతడు వెండిని త్రాసులో తూచెను, క్రయపత్రము వ్రాయించెను, సాక్షులచేత సంతకములు చేయించెను, ముద్ర వేసిన పత్రమును ముద్ర లేని పత్రమును రెంటిని సిద్ధపరచెను. విశ్వాసము త్రాసును పారవేయలేదు. “సహోదరుడే కదా, కాగితమెందుకు?” అను మాట భక్తి కాదు, అజాగ్రత్త. సంఘములో మన ప్రక్కను కూర్చుండువాని ముఖము ముద్రకు బదులు కానేరదు.

కనుక సొమ్ము ఇయ్యకముందు అడుగుడి: దీనిపై ఏ అధికారి కన్నున్నది? బ్యాంకులకు రిజర్వు బ్యాంకు, షేర్లకు మ్యూచువల్ ఫండులకు సెబి, చిట్టీలకు 1982 నాటి చట్టము క్రింద రిజిస్ట్రారు ఉన్నారు. అనుమతి లేని డిపాజిట్టు పథకములను 2019 నాటి చట్టము నిషేధించినది. బ్యాంకులోని సొమ్మునకు సయితము హద్దు లేని పూచీ లేదు. ఒక బ్యాంకులో ఒక ఖాతాదారునకు ఐదు లక్షల రూపాయలవరకు మాత్రమే బీమా యున్నది. అది 2020 ఫిబ్రవరి 4 వరకు ఒక లక్ష మాత్రమే.

అధికారి కన్నున్నచోట కూడ మనుష్యుని హృదయము మోసకరమైనదే. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ పేరుగాంచినది. దాని లెక్కలు పరీక్షింపబడుచుండెను. అయినను ఆ లెక్కలు కల్పితములని 2009 జనవరి 7న దాని అధిపతియే ఒప్పుకొనెను. ఒక్క దినములో షేరు విలువ నేలకూలెను. అందుచేతనే ప్రసంగి కర్త, భూమిమీద ఏ కీడు వచ్చునో మనకు తెలియదు గనుక ఉన్నదానిని ఏడెనిమిది భాగములు చేయుమని బోధించుచున్నాడు. కొంత పోస్టాఫీసులో, కొంత బ్యాంకులో, కొంత ఓర్పుగా ఎదుగు షేర్ల ఫండులో. వైద్యమునకు కావలసినది వేరుగా, చేతికందునట్లు. ఇది అవిశ్వాసము కాదు; రేపటిని ఎరుగని మనుష్యుని వినయము.

3. కుండలో దాచినది వెండి కాదు, పత్రము

యిర్మీయా పత్రములను మట్టికుండలో పెట్టించెను, అవి బహు దినములు నిలుచుటకై. గమనించుడి: కుండలోనికి పోయినది వెండి కాదు, వెండి హనమేలు చేతికి పోయెను. సొమ్మును భూమిలో పాతిపెట్టిన దాసుని ప్రభువు మెచ్చుకొనలేదు (మత్తయి 25). భయముచేత దాచుట జాగ్రత్త కాదు. 2016 నవంబరు 8న ఐదువందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపబడినప్పుడు, బ్యాంకు ముఖము చూడవలెనన్న ఎంతో దూరము నడువవలసిన బస్తరు పల్లెలలోను, మన ఇండ్లలో బియ్యపు డబ్బాల అడుగునను దాచిన నోట్లు ఎంత కలవరము కలిగించెనో మరువగలమా? నోట్లు రద్దు కాకపోయినను ధరలు పెరుగుట దొంగవలె మెల్లగా తినివేయును. ఏడు శాతము వడ్డీ వచ్చుచుండగా ధరలు ఐదు శాతము పెరిగినచో, మిగిలినది రెండు శాతమే.

అయితే, “ఈ దేశపు భవిష్యత్తు ఎట్లుండునో” అని కొందరు భయపడుదురు. 1991లో మన దేశము దిగుమతుల కప్పు చెల్లింపలేక దాదాపు 47 టన్నుల బంగారమును విదేశీ బ్యాంకులలో కుదువ పెట్టెను. ఆ దినమున అంతయు ముగిసినదనినవారు పొరబడిరి. మరుసటి యేడే షేర్ల ధరలు ఆకాశమంటగా, ఇక దిగుటయే లేదనినవారును పొరబడిరి. 1992 ఏప్రిలులో హర్షద్ మెహతా కుంభకోణము బయటపడెను. బైలడిలాలోనే చూడుడి: యంత్రములు వచ్చి వేలమంది కాంట్రాక్టు కార్మికుల పని ప్రమాదములో పడెను; 1978 ఏప్రిల్ 5న వారి ఆందోళనపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయెను. దేశపు సంపద పెరుగుట వేరు, మన పొయ్యిమీది కుండ నిండుట వేరు. యిర్మీయా భయమునకు లొంగలేదు, పేరాశకును లొంగలేదు. పట్టణము పడిపోవునని ఎరిగియే అతడు పొలము కొనెను.

4. పొరుగువాని పొలము మనకు వేట కాదు

హనమేలు కష్టములో నుండెను. యిర్మీయా ఆ కష్టమును అలుసుగా తీసికొని లాభపడుటకు కొనలేదు. ధర్మశాస్త్రము ప్రకారము, వంశపు భూమి అన్యుల పాలు కాకుండ విడిపించు బాధ్యత దగ్గరి బంధువునకుండెను. దానినే అతడు నెరవేర్చెను. మన పెట్టుబడి కూడ ఈ ప్రశ్నకు నిలువవలెను: నా లాభము ఎవని నష్టము?

నగర్‌నార్ ఉక్కు కర్మాగారము 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైనది. అట్టి కర్మాగారములు వచ్చినచోట చుట్టునున్న నేలపై ఆశపడువారు బయలుదేరుదురు. అయితే అచ్చటి భూరెవెన్యూ చట్టము 165వ సెక్షను గిరిజనుల భూమిని అన్యులకు పోనియ్యదు. మన ఏజెన్సీలో 1/70 చట్టమున్నట్లే. గిరిజనుని పేరు పెట్టి చాటున కొనువాడు చట్టమును మాత్రమే కాదు, నాబోతు ద్రాక్షతోటను ఆశించిన అహాబు పాపమునే చేయుచున్నాడు.

లోహండిగూడ సంగతి తలంచుడి. 2005లో టాటా ఉక్కు కర్మాగారము కొరకు ఒప్పందము కుదిరి, పది గ్రామముల రైతుల భూమి సేకరింపబడెను. కర్మాగారము రాలేదు, 2016లో సంస్థ తప్పుకొనెను. 2019 ఫిబ్రవరిలో 1,700 మందికి పైగా రైతులకు వారి భూమి పత్రములు తిరిగి ఇయ్యబడెను. ఒకప్పుడు పోయినదనుకొనిన పొలమును మరల తమదని పిలుచుకొనిన ఆ దినపు సంతోషము, యిర్మీయా 32వ అధ్యాయపు చివరి వచనములను ఎరిగినవారికి క్రొత్త కాదు.

బస్తరు సంతలలో ఒకప్పుడు గిరిజనులు విలువైన సారపప్పు ఇచ్చి దానికి బదులుగా ఉప్పు తీసికొనిపోయెడివారు. అది వర్తకము కాదు, అజ్ఞానముమీద వేసిన పన్ను. నేడు స్త్రీల సంఘములు చింతపండు గింజతీసి, శుభ్రపరచి అమ్మి కొంత ఎక్కువ వెల పొందుచున్నవి. మన చారులో పడు చింతపండులో వారి చేతి కష్టమున్నది. మన తొమ్మిది భాగములలో ఒక చిన్న భాగము ఇట్టి చేతులను బలపరచు సహకార సంఘమునకో, పేద విద్యార్థి చదువునకో పోయిన యెడల, ఏ పాసుపుస్తకములోను కనబడని వడ్డీ దానికున్నది.

5. కోతను చూడని విత్తువాడు

యిర్మీయా ఆ పొలములో ఒక్క గింజయైనను తినినట్లు వ్రాయబడలేదు. జనులు అతనిని ఐగుప్తునకు తీసికొనిపోయిరి. అతడు తిరిగివచ్చిన జాడ లేదు. లోకపు లెక్కలో పదియేడు తులములు వ్యర్థమాయెను. అయితే చెరనుండి తిరిగివచ్చినవారి జాబితాను ఎజ్రా గ్రంథములో నిదానించి చదువుడి. పేర్లు, సంఖ్యలు తప్ప మరేమియు లేని ఆ పుటలో ఒక చిన్న పంక్తి యున్నది: అనాతోతువారు 128 మంది. కొనినవాడు రాలేదు, ఆ ఊరివారు వచ్చిరి. వారి పాదములు త్రొక్కిన నేలలో ఆ పొలమును ఉండెను.

ప్రియులారా, మన సొమ్మును జాగ్రత్తగా తూతము, కాని దానిచేత మనము తూచబడకుందుము గాక. కొట్లు విప్పి కట్టుదుననిన ధనవంతుడు ఒక్క రాత్రిలో అన్నిటిని విడిచెను. యిర్మీయా చెరసాలలో నుండి ఒక నిరీక్షణను కొనెను. మీ ఇంటిలో నేడే మూడు పనులు చేయుడి. ఉన్న ఖాతాలు, పత్రములు ఎక్కడెక్కడ ఉన్నవో ఒక కాగితముమీద వ్రాసి మీ భార్యకో భర్తకో తెలియజేయుడి. ప్రతి ఖాతాకు నామినీ పేరు వ్రాయించుడి. క్రొత్త పథకము ఏది వచ్చినను ఒక వారము ఆగి, ప్రార్థించి, తెలిసినవారిని ఇద్దరిని అడుగక సంతకము చేయకుడి. ఒక వారమైనను ఓర్చుకొనజాలని లాభము దేవునియొద్దనుండి వచ్చినది కాదు.

ప్రార్థన: సర్వభూమికి యజమానుడవైన ప్రభువా, మాకప్పగించిన కొంచెములో నమ్మకముగా ఉండు బుద్ధి దయచేయుము. మోసపోయి ఇంటిదీపము ఆరిపోయిన కుటుంబములను ఓదార్చుము. మా చేతులను పేరాశనుండియు, మా హృదయములను భయమునుండియు విడిపించుము. బస్తరు కొండలలోను మా పల్లెలలోను పొలము పోగొట్టుకొనినవారికి న్యాయము తీర్చుము. మేము చూడని కోతకొరకు నేడు విత్తుటకు విశ్వాసమిమ్ము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.