కుమ్మరి తండ్రి

ఘటమునకు కారణములేవియని విచారించిన మన తార్కికులు కుమ్మరిని, మట్టిని, సారెను, సారె త్రిప్పెడి కర్రను కారణముల పంక్తిలో కూర్చుండబెట్టి, కుమ్మరి తండ్రిని మాత్రము అన్యథాసిద్ధుడని, అనగా కార్యమునకు ముందున్నను దానికి కారణము కానివాడని, లేపివేసిరి. కారికావళి చెప్పిన అయిదు అన్యథాసిద్ధములలో నాలుగవవాడు ఆ తండ్రి, అయిదవది గాడిద. విద్యార్థిదశలో నేనును దీనిని వల్లించితిని, పరీక్షలో వ్రాసితిని, శంకించుటకు ఇందులో ఏమున్నదనుకొంటిని. ఇప్పుడు వయసు మళ్ళిన పిదప, పీలుపాకమా పిఠరపాకమా, కుండ పగిలిన తరువాత ఘటాకాశమేమగును అన్న పెద్ద ప్రశ్నలన్నియు నన్ను విడిచిపోయినవి గాని, పంక్తినుండి లేచిపోయిన ఆ తండ్రి మాత్రము విడువకున్నాడు.

శాస్త్రము చెప్పు సమాధానము నేనెరుగనిది కాదు. తండ్రి తానును కుమ్మరియే యైనచో తాను చేసిన కుండలకు కారణమే. కుమారుని కుండకు మాత్రము, కుమారుని కన్నవాడను సంబంధమే తప్ప వేరు సంబంధము లేదు. తండ్రిని రానిచ్చినచో తాత వచ్చును, తాత వెనుక ముత్తాత వచ్చును, కారణమను మాటకు హద్దే ఉండదు. ఈ వాదమున బిగువున్నది. బిగువున్నదని ఒప్పుకొనుచునే, ఇది కుండను చూచినవాని మాట గాని కుండ చేయుట చూచినవాని మాట కాదేమోయని నా మనస్సు మొరాయించుచున్నది.

హైదరాబాదు నుండి విజయవాడ పోవు రహదారిపై, నార్కట్‌పల్లి దాటిన తరువాత, నకిరేకల్లు రాకముందు, కట్టంగూరు వచ్చును. అక్కడ ఒక ముసలి కుమ్మరి యింటి ముందర వేపచెట్టు నీడను, వేసవి సెలవులలో, తర్కసంగ్రహము చేతబట్టుకొని నేను గంటల కొలది కూర్చుండెడివాడను. చుట్టుప్రక్కలనున్న చెల్కల ఎర్రమట్టి సారెకు పనికిరాదు. చెరువు అడుగున ఎండకు నెర్రెలిచ్చిన నల్లని మట్టిని గాడిదపై వేసికొని వచ్చి, పెళ్ళలు చితుకగొట్టి, నానబెట్టి, సన్నని ఇసుకయు బూడిదయు కలిపి, కాళ్ళతో త్రొక్కవలెను. త్రొక్కునది అతని భార్య. ఆమె మడమతో ముద్దను అంచునుండి నడిమికి, నడిమినుండి అంచునకు, చుట్టలు చుట్టలుగా త్రొక్కుచు, పాదము క్రింద ఆవగింజంత రాయి తగిలినను ఆగి, వంగి, గోటితో తీసి పారవేసెడిది. అంతయు ముగిసిన తరువాత చిటికెడు మట్టిని వత్తిగా పేని చూపుడువ్రేలికి చుట్టెడిది. చుట్టినచోట నెర్రె విచ్చినదా, "ఇంకో పూట నాననియ్యాలె" అనెడిది. అతడు మారుమాటాడక సారె దగ్గరనుండి లేచిపోయెడివాడు.

మట్టి కుదిరిన దినమున అతడు సారె అంచునందలి గుంటలో కర్ర నిలిపి, బలముకొద్ది త్రిప్పి వదలి, అది తన వేగమున తాను తిరుగుచుండగా, ముద్దలోనికి బొటనవ్రేళ్ళు దింపి మూతిని, మెడను తీసి, దారముతో కోసి దించెడివాడు. దించినది ఇంకను కుండ కాదు. మందముగా, మొద్దుగా ఉండును. కొంత ఆరనిచ్చి, ఒడిలో పెట్టుకొని, లోపల ఎడమచేత గుండ్రని రాయిని ఆనించి, వెలుపల కుడిచేత చెక్కతో తట్టుచు తట్టుచు, అడుగును మూసి, పొట్టను పలుచగా తీర్చవలెను. తడిమట్టి అంటుకొనకుండుటకై రాతికిని చెక్కకును నడుమనడుమ బూడిద అద్దుకొనును. చెక్క పడిన ప్రతిచోటికి లోపలి రాయి సరిగా వచ్చియుండవలెను. ఒక వ్రేలెడు తప్పినను గోడ లోనికి చొట్టపడును. కుడిచేయి కన్నులకు కనబడును. ఎడమచేయి మణికట్టు దాక కుండలో మునిగి కనబడదు. "లోపలి చెయ్యి తప్పు పోకుండ ఎట్ల పట్టుకుంటవు తాతా?" అని నేనడిగితిని. అతడు తట్టుట ఆపలేదు.

"అది నా చెయ్యి గాదు బిడ్డా, మా అయ్య చెయ్యి. చిన్నగున్నప్పుడు నా చెయ్యి మీద చెయ్యి పెట్టి పట్టిండు. గప్పటిసంది గట్లనే ఉన్నది."

చేతనున్న పుస్తకమునకును, చెవినిబడిన మాటకును నడుమ నేనా పూట చిక్కుకొంటిని. నేటికిని బయటపడలేదు.

మరియొక దినమున ఆ అయ్య సంగతియే చెప్పెను. నిజాము పాలనలో ఈ జిల్లా పల్లెలయందు దొరల గడీలకును, ఊరికి వచ్చిన అధికారుల విడుదులకును కుమ్మరి వెట్టిగా కుండలీయవలసియుండెను. 1946లో నల్లగొండ పల్లెలు తిరుగబడినపుడు పెల్లుబికిన ఆగ్రహములలో వెట్టిపై ఆగ్రహము ముఖ్యమైనది. "మా అయ్య మస్తు కుండలు గడీకే చేసిండు. పైస ఇయ్యలే." ఆ మాటతో నా సందేహము మరింత ముదిరినది. కర్తకు లక్షణము జ్ఞానము, చికీర్ష, కృతి యని చదివితిమి. వెట్టికుండలో జ్ఞానము కుమ్మరిది, కృతి కుమ్మరిది, చేయవలెనను కోరిక ఎవనిది? గడీలో కూర్చున్న దొరది. దొరను కర్తృత్వమున పాలివానిని చేయనిచో లక్షణము చెడును. చేసినచో, మట్టి ముట్టని దొరకు లోపల పీటవేసి, చేయి పట్టించిన తండ్రిని వెలుపల నిలిపినట్లగును. భయమున పుట్టినదైనను చికీర్ష చికీర్షయే, అది కుమ్మరిదే యని తార్కికుడు బదులు చెప్పగలడు. చెప్పుటకు నాకు మాత్రము నోరు రాదు. వెట్టి చేసినవానితో, నీవు కోరియే చేసితివని ఎట్లనగలము?

ఇట్లు తండ్రి పక్షమున వాదము వెదకుచుండగా, నాకు ఉదయనాచార్యుడు తోడైనాడు. న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుని సాధించుటకు ఆయన చూపిన హేతువులలో ఒకటి ఇది: కుండ చేయుట, బట్ట నేయుట మొదలగు విద్యలు ఒకరినుండి యొకరికి వచ్చుచున్నవి గావున, ఇంకొకరినుండి నేర్వక తానే నేర్పిన తొలి గురువొకడుండవలెను, అతడే ఈశ్వరుడు. కుండకు కుమ్మరివలె జగత్తునకు కర్త యుండవలెనను వాదముకంటె ఈ వాదము నాకెంతయో ప్రియమైనది. ఒక వాకిట తండ్రిని తరిమిన శాస్త్రమే మరియొక వాకిట అందరు తండ్రులకు తండ్రిని లోనికి పిలిచి పూజించుచున్నది. తండ్రి గెలిచెనని నేను సంతోషించితిని.

ఆ సంతోషము నిలువలేదు. తండ్రి కారణమైనచో కుమ్మరి కొడుకు తప్ప మరొకడు కుమ్మరి కారాదు, కుమ్మరి కొడుకు కుమ్మరి గాక మరేమియు కారాదు. మన పల్లెలు శతాబ్దముల తరబడి మనుష్యులను కట్టివేసినది ఈ న్యాయముతోడనే. ఆ వృద్ధుని కుమారుడు సారె ముట్టలేదు. రహదారిపై లారీ నడుపుటకు పోయెను. స్టీలు బిందెలు, ప్లాస్టిక్కు కడవలు వచ్చిన తరువాత, ఎండకాలము రంజన్లకు, బోనాలకు, పెండ్లిలో ఐరేని కుండలకు తప్ప ఆ గడప త్రొక్కువారు తగ్గిరి. కొడుకు విద్య వదలిపోయెనని అతడు దుఃఖించునేమోయని నేనెంచితిని. అతడు అన్నదింతే: "వాని చెయ్యి వానికి ఉండనియ్యి."

1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికనులు పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని నెలకొల్పిరి. అక్కడ నేర్చి స్టూడియో కుమ్మరులైనవారిలో పెక్కురు కుమ్మరి యింట పుట్టినవారు కారు. వారి కొలిమి వేడి 1300 డిగ్రీల దరిదాపులకు పోవును, మన ఆవమున అంత వేడి పుట్టదు; వారు పాత్ర అడుగున తమ గురుతు చెక్కుకొందురు, కట్టంగూరు కుండకు సంతకము లేదు. ఈ భేదములను బట్టి హెచ్చుతగ్గులు నిర్ణయించుట నా పని కాదు. తండ్రి అన్యథాసిద్ధుడగుట చేతనే వారు కుమ్మరులు కాగలిగిరి, ఆ వృద్ధుని కొడుకు డ్రైవరు కాగలిగెను. నేను కఠినమని నిందించిన ఆ పంక్తి, వ్రాసినవారు తలచిరో లేదో గాని, కులమును ఒక్క వ్రేటుతో నరకుచున్నది. కావున తండ్రిని తండ్రిగా వదలుకొనుటకు ఇప్పుడు నేను సిద్ధముగా నున్నాను. చేతిమీద చేయి పెట్టిన గురువుగా మాత్రము నిలుపుకొందును. కట్టంగూరున ఆ ఇరువురును ఒక్క దేహముననే యుండిరి, వారిని విడదీయుట పుస్తకములో సులభము, ఆ ఎడమచేతిలో సులభము కాదు. అయినను విడదీయవలసినదే.

ఇంతదూరము వచ్చి చూడగా, ఈ పంక్తిలో విస్తరియే వేయబడనివారు ఒకరు మిగిలిరి. ఉపాదానకారణము మట్టి యందురు. మట్టియే సత్యము, కుండ పేరు మాత్రమేయని వేదాంతులు మరింత ధీమాగా అందురు. చెరువులోనున్నది ఏ కుండకును ఉపాదానము కాదు. దానిని నానబెట్టి, ఏరి, కలిపి, త్రొక్కి, వ్రేలికి చుట్టి చూచి, ఇక చాలునన్న తరువాతనే అది ఉపాదానమైనది. వేదాంతి సత్యమన్న ఆ మట్టియు ఒకరు చేసినదే. ఎవరు నేర్పిరని ఆమె నడుగగా "మా అవ్వ" అనెను. ఆమె వేరొక ఊరినుండి వచ్చినది. తల్లినుండి కూతునకు వచ్చిన ఆ విద్య ఈ యింటి తండ్రులదికాదు. సారె ఆ యింట ఆడవారు ముట్టనిది గావున, కుమ్మరి యన్నపుడు తార్కికునకు ఆమె గోచరింపదు. గాడిదకైనను అన్యథాసిద్ధములలో ఒక స్థానమున్నది, త్రోసివేయుటకైనను దానిని తలచిరి. ఆమెను తలచనైన లేదు. సహకారికారణమని చెప్పి ముగించుట సులభమే. కాని ఎవరు ఎవరికి సహకారి? ఇంకో పూట ఆగవలెనన్నది ఆమె, సారె విడిచి లేచినది అతడు.