కొలత ఎవరి చేతిలో?

"గొప్పవాళ్ళ రచనల్ని కూడా తిప్పిపంపారు అని మాత్రం చెప్పకండి మాస్టారూ" అన్నాను ముందే. "కథ తిరిగొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాటే అంటారు. కాదనిపించుకుని తర్వాత గెలిచినవాళ్ళ పేర్లు మనకి తెలుసు. కాదనిపించుకుని అక్కడే ఆగిపోయినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళే ఎక్కువమంది అయివుంటారు. అలాంటప్పుడు ఆ ఓదార్పుకి అర్థమేముంది?"

మాస్టారు విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కథల పోటీలకి వచ్చిన రాతప్రతులు చదివిపెట్టమని పత్రికలవాళ్ళు ఆయనకి పంపుతూంటారు. ఊరికే ఓదార్చడం ఆయనకి అలవాటు లేదు. అందుకే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అర్థం లేదు, నిజమే" అన్నారు. "గెలిచాక చెప్పుకునే కథలో ఓటమి కూడా అందంగానే కనిపిస్తుంది. కాబట్టి గెలుపు సంగతి పక్కన పెడదాం. గెలుస్తానో లేదో తెలియని రోజుల్లో ఒక మనిషి ఏం చేశాడో చూద్దాం. మన ఊరి మనిషే."

"గురజాడా?"

"ఆయనే. కన్యాశుల్కాన్ని 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు. జనం మెచ్చారు. 1897లో పుస్తకం వచ్చింది, ఆనంద గజపతి మహారాజుకి అంకితమిచ్చాడు. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. ఈయన 1909లో రెండో కూర్పు తెచ్చాడు. ఏవో నాలుగు అచ్చుతప్పులు దిద్దిన కూర్పు కాదది, దాదాపు కొత్త నాటకం. మధురవాణి అంత ఎత్తుకి ఎదిగింది అందులోనే. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ అదే. మొదటిదాన్ని లోకం కాదనలేదు అమ్మాయ్. ఆయనే సరిపోలేదనుకున్నాడు."

"ఇంకా ఏం చేశాడు?"

"కాలేజీ పిల్లలు తెలుగు వ్యాసాలు ఏ భాషలో రాయాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం ఒక సంఘం వేసింది. అందులో ఎక్కువమంది గ్రాంథికం వైపు. ఈయన వాడుకభాష వైపు. 1914లో తన అసమ్మతిపత్రం ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. ఓ పుస్తకమంత ఉంటుంది. ఫలితం లేకపోయింది, గ్రాంథికమే నెగ్గింది. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశాడు. వాడుకభాష గెలవడం ఆయన చూడలేదు. గెలుస్తుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు."

మెచ్చుకున్నదాన్ని తిరగరాశాడు, తోసిపుచ్చినదాన్ని వదల్లేదు. మనం సరిగ్గా దీనికి ఎదురు చేస్తాం. అచ్చయినదాన్ని మళ్ళీ ముట్టుకోం, తిరిగొచ్చినదాన్ని ఆ రాత్రే చించేస్తాం. నాలుగు మంచి మాటలు వస్తే కథ బాగున్నట్టు, రాకపోతే లేనట్టు. ఆయనకి ఔననడం, కాదనడం రెండూ బయటినుంచి వచ్చిన మాటలే. పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే చోటు వేరే ఉంది.

అయినా నాకు అనుమానం తీరలేదు. "ఇది ప్రమాదమైన మాట మాస్టారూ. రాయడం చేతకాని ప్రతివాడూ ఇదే అంటాడు. నా కొలత నాలోనే ఉంది, మీకే అర్థం కాలేదు అని."

"అంటాడు. తేడా ఎక్కడుందో ఆ అసమ్మతిపత్రమే చెబుతుంది. అలిగి రాసింది కాదది. భాష చరిత్ర ఏం చెబుతోంది, పండితుల రాతలు ఎలా ఉన్నాయి, జనం నోట భాష ఎలా నడుస్తోంది, అవన్నీ ముందు పెట్టుకుని అవతలివాళ్ళ వాదాన్ని ఎదుర్కొన్నాడు. తనని కాదన్నవాళ్ళని ఆయన విన్నంత శ్రద్ధగా వాళ్ళు ఆయన్ని వినలేదు. నువ్వూ అదే చెయ్యి. నిన్ను కాదన్న మనిషి మాటని ఆ మనిషికన్నా బాగా నువ్వు చెప్పగలవా? చెప్పాక కూడా నీ వాక్యం నిలబడుతోందా? నిలబడితే మార్చకు. ఆ మాట చెప్పలేకపోతున్నావంటే నువ్వింకా వినలేదన్నమాట."

ఈ పరీక్ష చాలా కష్టం. చెడ్డ సమీక్ష చదివిన రాత్రి మనసులో జవాబులు అల్లుకోని రచయిత ఉండరు. ఆ జవాబులన్నీ మనం తేలిగ్గా నెగ్గగల ప్రశ్నలకే అల్లుతాం. సమీక్షకుడు అడిగిన అసలు ప్రశ్న పొద్దున్న లేచేసరికి అక్కడే ఉంటుంది.

"సరే, మరి బాధ?" అన్నాను.

"బాధ పోదు. ఒక విమర్శ ఏళ్ళ తరబడి గుచ్చుతోందంటే, నీకు ముందే అనుమానం ఉన్నచోట అది తగిలిందన్నమాట. బాధ ఆ చోటు చూపిస్తుంది."

దీన్ని మాత్రం నేను ఒప్పుకోలేకపోయాను. "కవి జాషువాకి ఏ చోటు చూపించింది మాస్టారూ? సొంత ఊరు వినుకొండలో, అవధానం జరుగుతున్న సభలో ఆయన పద్యాలు చదివాడు. అంటరానివాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అవమానించారు. ఆ పద్యాల మీద ఆయనకేం అనుమానం ఉంటుంది? యతి తప్పిందనా? ఆయన ఎన్నిసార్లు దిద్దుకుంటే ఆ నోళ్ళు మూతపడేవి?"

మాస్టారు వెంటనే మాట్లాడలేదు. "నా మాట అక్కడ చెల్లదు" అన్నారు చివరికి. "అసలు అది విమర్శే కాదు. విమర్శించాలంటే ముందు చదవాలి. వాళ్ళు పద్యం దాకా రానేలేదు, మనిషి దగ్గరే ఆగిపోయారు."

"మరి అలాంటిదాన్ని రచయిత ఎలా తట్టుకోవాలి?"

"ఆయన్నెందుకు అడుగుతావు? ఆ సభలో కూర్చుని చూసినవాళ్ళని అడుగు. ఏం తట్టుకోవాలన్నా, ఏం సరిదిద్దాలన్నా ఆ పని వాళ్ళది. విమర్శని రచయిత తట్టుకోవాలి. అవమానాన్ని ఆపవలసింది సభ."

జాషువా కావ్యం గబ్బిలం గుర్తొచ్చింది నాకు. 1941లో వచ్చింది. సందేశకావ్యమంటే అప్పటికి కాళిదాసు మేఘమే అందరికీ గుర్తు. జాషువా గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీలోని శివుడికి చెప్పుకోవాలి, గుడి లోపల తలకిందులుగా వేలాడేందుకు గబ్బిలానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సభలోకి ఎందుకు రానిచ్చారని ఎవరు అడిగారో వాళ్ళు తమదే అనుకున్న పద్యంలోనే రాశాడు. ఇదంతా చెప్పి, "అవమానమే ఆయన చేత ఆ కావ్యం రాయించింది అంటారు కదా" అన్నాను.

"అలా అనకు" అన్నారు మాస్టారు, కొంచెం గట్టిగానే. "కావ్యం జాషువా రాశాడు. అవమానం రాయించిందంటే, అవమానించినవాళ్ళకి అందులో వాటా ఇచ్చినట్టు."

ఆ మాట నేను ఇంకా మోస్తున్నాను. కష్టాలే రచయితని తయారుచేస్తాయని మనం ఎంత సులువుగా అనేస్తామో! ఆ కష్టాలు పెట్టినవాళ్ళ పేరు అందులో ఎక్కడా రాదు.

ఇక నాకు ఎదురైనది ఈ రెండూ కాదు. కారణం చెప్పకుండా కాదనడం. కథ సొంతమేనని హామీపత్రం జతచేసి పంపుతాం, నెలలు గడుస్తాయి, ప్రచురించలేకపోతున్నామని ఒక్క వాక్యం వస్తుంది. పోటీ అయితే అదీ రాదు. బహుమతుల జాబితాలోనూ, సాధారణ ప్రచురణకు తీసుకున్నవాటిలోనూ పేరు లేకపోతే అదే జవాబు.

"ఆ వాక్యంలో ఏమీ లేదు, తవ్వకు" అన్నారు మాస్టారు. "ఒక్కోసారి కథ బాగుంటుంది, నిడివి పట్టదు. లేదా అలాంటిదే ఇంకొకటి అప్పటికే తీసుకుని ఉంటారు. ఒక్కోసారి నిజంగానే బాగుండదు. వీటన్నిటికీ వచ్చే జవాబు మాత్రం ఒక్కటే. ఏది నీదో దాన్నిబట్టి తేలదు."

"మరి ఎవరు తేలుస్తారు?"

"నిన్ను చూడకుండా కథనే చూసే మనిషి ఒకరుండాలి. నీకెవరున్నారు?"

"మా పిన్ని. మంచిచెడ్డలేమీ చెప్పదు. చదివి వినిపిస్తూంటే వింటుంది. ఎక్కడో ఒకచోట లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆవిడ లేచినచోట పెన్సిలుతో గీత పెట్టుకుంటాను."

"ఈ కథకి లేచిందా?"

"లేచింది. ముసలాయన తన పొలం లెక్కలు చెప్పుకునే పేజీలో."

"మార్చావా?"

"లేదు. ఆ పేజీ అలాగే ఉండాలి."

"ఎందుకు?"

"ముందు ఆవిడ ఎందుకు లేచిందో ఆవిడ పక్షాన చెబుతాను, వినండి" అన్నాను.